బొమ్మ అంటించని మీట

నవంబరు పదకొండు అనగానే ప్రోగ్రామరుకి ఉడికించిన గుడ్లు గుర్తొస్తాయి. మాటలు రికార్డు చేసిన ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ముందురోజే అతని భార్య గుడ్లు ఉడికించి, రొట్టె ముక్కలు కోసి, గిన్నెలో పెట్టి మూత వేసి ఉంచింది. పొయ్యి వెలిగిస్తే చప్పుడు, గిన్నె కదిపితే చప్పుడు, ఫ్యాను తిరిగితే చెప్పనే అక్కర్లేదు. మైకులో మాట తప్ప ఇంకేమీ పడకూడదని ఆవిడ పట్టు. కిటికీలు మూసి, సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, మంచం మీదున్న పరుపు తీసుకొచ్చి గోడకి నిలబెట్టింది. లెక్కల టీచరు కదా, ఏదీ సగంలో వదిలే మనిషి కాదు.

"ఊఁ, చెప్పండి. మంచినీళ్ళు."

"మంచినీళ్ళు."

"కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టుంది. దాహం వేసినవాడిలా చెప్పండి."

"నాకు దాహం వెయ్యట్లేదే!"

"గుడ్డు తినండి, మీకే వేస్తుంది."

నవ్వుకుంటూనే గుడ్డు తిన్నాడు, దాహం వేసింది, ఆ మాట బాగా వచ్చింది. ఇంతకీ ఆ మాటలన్నీ ఆవిడ అన్నయ్య కోసం.

ఆ అన్నయ్య వేలం వేసే మనిషి. పాత సామాన్ల యార్డులో బల్లలూ బీరువాలూ మోటార్లూ వేలం వేసేవాడు. అతని గొంతుకి మైకు అక్కర్లేదు కాబట్టి అందరూ అతన్నే మైకు అనేవాళ్ళు. "ఒకటోసారి!" అని మొదలుపెడితే, కొనే ఉద్దేశం లేకుండా రోడ్డున పోయేవాడు కూడా జేబు తడుముకునేవాడట. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. అక్షరాలు కూడా కళ్ళముందు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, రాసి చూపిద్దామన్నా కుదరదు. వినడం, అర్థం చేసుకోవడం మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. బొమ్మ చూపిస్తే ఇట్టే గుర్తుపడతాడు.

"ఇన్నేళ్ళు ఎవరెవరి గోడౌన్లకో ప్రోగ్రాములు రాసిపెట్టారు. మా అన్నయ్యకి నాలుగు మాటలు రాసిపెట్టలేరా?" అంది ఆవిడ.

రాశాడు. సీ అనే కంప్యూటరు భాషలో, చిన్న ప్రోగ్రాము. తెరమీద గళ్ళలో బొమ్మలు కనబడతాయి, గడికొక మీట. మీట నొక్కితే దానికి సంబంధించిన మాట వినిపిస్తుంది, అంతే. మైకు బావగారింట్లో ఓ పాత కంప్యూటరు ఉంది. దాని కీబోర్డు మీద ఆవిడ అక్షరాలు కనబడకుండా బొమ్మలు అంటించింది. గ్లాసు, బల్బు, దుప్పటి, కిటికీ. నొప్పికి కట్టుకట్టిన వేలు బొమ్మ. మగమనిషి గొంతు కావాలి కాబట్టి గొంతు మొగుడిది.

మధ్యాహ్నానికి అవసరమైనవన్నీ అయ్యాయి. ప్రోగ్రామరు గొంతు సవరించుకుని మైకు పక్కన పెట్టేశాడు. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఇప్పుడు అసలువి. 'భోంచేశావా?' చెప్పండి. తర్వాత 'ఊరుకోవయ్యా, నీకేం తెలుసు!' తర్వాత, వేలంపాట."

"అవసరమైనవి వచ్చాయి కదే. తెరమీద గళ్ళు కూడా ఒక్కటి తప్ప నిండిపోయాయి. ఇంకో తెర పెట్టాలంటే ప్రోగ్రామంతా తిరగరాయాలి. తర్వాత చూద్దాం."

"మా అన్నయ్యకి అడగడమేనా, అనడం ఉండదా?"

"తర్వాతన్నానుగా."

"పోనీ ఒక్కటి. 'చెల్లాయ్' అనండి."

అతను పగలబడి నవ్వాడు. "నా నోటితో నిన్ను చెల్లాయ్ అనమంటావా? నలుగురూ వింటే ఏమనుకుంటారు? మీ అన్నయ్య మనింటికి ఫోన్ చేసి నా గొంతుతో చెల్లాయ్ అంటే, పెళ్ళి రద్దయిపోయిందనుకుని మీ వదిన వేరే సంబంధం చూస్తుంది నాకు!"

ఆవిడకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే పరుపు తీసి మంచమ్మీద వేసింది. తర్వాత కీబోర్డుకి బొమ్మలు అంటించేటప్పుడు, ఒక్క మీట మీద మాత్రం ఏ బొమ్మా అంటించకుండా వదిలేసింది. అతను చూశాడు. అడగలేదు.

*

ఆ తర్వాత కొన్నాళ్ళు రెండిళ్ళలోనూ అదో వేడుక. "తమ్ముడూ, మీ బావగారు మంచినీళ్ళడిగితే నువ్వొచ్చావేమోనని లేచి కుర్చీ వేస్తున్నా" అనేది అక్కయ్య, అంటే బావగారి భార్య. పొద్దుగూకేసరికి అన్నాచెల్లెళ్ళకి ఫోను ఉండాల్సిందే. ఇటు ఈవిడ కబుర్లు చెప్పేది, అటు ఆయన మీటలు నొక్కేవాడు.

చెల్లెలికి జబ్బు చేశాక కూడా ఆ ఫోను ఆగలేదు. మంచానికి దగ్గరగా పెట్టుకుని వినేది. అవతల్నుంచి "దుప్పటి కావాలి" అని వినిపించేది. అడిగేది ఆయన దుప్పటి గురించి కాదని, తన దుప్పటి గురించని ఆవిడకి తెలుసు.

"కప్పుకున్నాలే అన్నయ్యా."

"మంచినీళ్ళు."

"తాగాను. నిజంగా తాగాను, కావాలంటే ఈయన్నడుగు."

పక్కన కూర్చున్న ప్రోగ్రామరు ఇదంతా వింటూనే ఉండేవాడు. ఉన్న ఆ కాస్త మాటల్నే అటు తిప్పీ ఇటు తిప్పీ ఒక మనిషి తన చెల్లెల్ని కనిపెట్టుకుంటున్నాడు. ఇంకో తెర పెట్టాలంటే ఎంత పని? కూర్చుంటే వారం. కానీ మందులు, పరీక్షలు, ఆస్పత్రి వరండాలు. తర్వాత చూద్దాం అన్న మాట ఇంకా తర్వాతలోనే ఉండగా ఆవిడ వెళ్ళిపోయింది.

కబురు చెప్పడానికి అతనే ఫోన్ చేశాడు. అక్కయ్య ఏడుస్తూ ఫోను తీసుకెళ్ళి బావగారి పక్కన పెట్టింది.  తర్వాత తన గొంతే తనకి వినిపించింది.

"నొప్పిగా ఉంది."

ఆగి, మళ్ళీ. "నొప్పిగా ఉంది." మళ్ళీ. ఆ యంత్రంలో దుఃఖానికి వేరే మీట లేదు. గుడ్డు తిని, నీళ్ళు తాగి, రెండో ప్రయత్నంలోనే సరిగ్గా వచ్చిందని ఆవిడ మెచ్చుకున్న మాట అది. అతను ఫోను పెట్టలేకపోయాడు, పట్టుకోలేకపోయాడు.

ఆ తర్వాత బావగారింటికి వెళ్ళలేదు. కాళ్ళు రాలేదు. వెళితే ఆ గదిలో కూర్చోవాలి, ఆ మీటే మళ్ళీ నొక్కితే వినాలి. దానికి బదులు ఇంట్లో కూర్చుని పని మొదలుపెట్టాడు. ఆవిడ కావాలన్న మాటలు గుర్తున్నంతవరకూ రికార్డు చేశాడు. కిటికీలు మూశాడు, తువ్వాళ్ళు కుక్కాడు, పరుపు ఒక్కడే లేపి నిలబెట్టాడు. భోంచేశావా. ఊరుకోవయ్యా, నీకేం తెలుసు. కూర్చో, అప్పుడే వెళ్తావేం. వేలంపాట కూడా. 'చెల్లాయ్' దగ్గరికి వచ్చేసరికి మైకు ఆపేశాడు. ఎవరిని పిలవడానికని?

ప్రోగ్రాము తిరగరాశాడు. తెర మీద తెర వచ్చేలా చేశాడు. సరిగ్గా అక్కడే, తను జీవితమంతా ఇతరులకి చెప్పిన రూలు తనే తప్పాడు.

ఆ రూలు ఇది. ఉద్యోగం చేసిన ఆఫీసులో మూలన ఒక పాత మెషీను ఉండేది. ఫ్యాను గురక పెట్టేది, తెర పసుపు తిరిగింది. కుర్రాళ్ళు దాన్ని పెద్దాయన అనేవాళ్ళు. ఎవరే ప్రోగ్రాము రాసినా, బయటికి పంపే ముందు పెద్దాయన మీదే కంపైల్ చెయ్యాలని, అంటే రాసిన కోడుని నడిచే ప్రోగ్రాముగా కట్టాలని, ప్రోగ్రామరు పట్టుబట్టేవాడు. ఎందుకో కొత్తవాళ్ళకి ఇలా చెప్పేవాడు: "మనం రాసిన ప్రోగ్రాము వంటమనిషి లాంటిది. సామానంతా వెంట మోసుకెళ్ళదు, వెళ్ళిన ఇంట్లో ఉన్నదాంతోనే వండుతుంది. పాత వంటింట్లో పని నేర్చుకున్నవాడు ఏ ఇంట్లోనైనా వండిపెడతాడు. కొత్త వంటింట్లో నేర్చుకున్నవాడు పాత ఇంటికొచ్చి, ఫలానా మిక్సీ లేదా, అయితే నేను లోపలికే రానంటాడు. గుమ్మంలోంచే తిరిగిపోతాడు."

సిస్టంలో ఉండే ఆ సామాన్ల గదినే లైబ్రరీ అంటారు. సిస్టం కొత్తదయ్యేకొద్దీ లైబ్రరీ కూడా కొత్తదవుతుంది. కొత్తదాని మీద కట్టిన ప్రోగ్రాము కొత్త లైబ్రరీనే కావాలంటుంది.

ఇదంతా తెలిసిన మనిషి, బావగారి పాత మెషీనుకి పంపాల్సిన ప్రోగ్రాముని తన కొత్త లాప్‌టాప్ మీద కంపైల్ చేశాడు. చిన్న ప్రోగ్రామే కదా, ఏం కాదులే అనుకున్నాడు. పైకి అనుకున్నది అది. పాత మెషీను మీద కట్టాలంటే ఆ ఇంటికెళ్ళి ఆ మెషీను ముందే కూర్చోవాలన్నది లోపలి మాట. ఇక్కడ నడుస్తోంది, అక్కడా నడుస్తుంది అనుకుని పెన్‌డ్రైవులో వేసి బావగారి కూతురి చేతికిచ్చాడు. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది. దారిలో ఆగి తీసుకెళ్ళింది.

"పాతదాన్ని తీసేసి ఇది పెట్టమ్మా. రెండూ ఉంటే నాన్నకి అయోమయం" అని చెప్పి మరీ పంపాడు.

తర్వాత ఒకసారి ఫోన్ చేసి, "బావగారు కొత్త మాటలు వాడుతున్నారా అక్కయ్యా?" అని అడిగాడు.

"ఆఁ, బాగుంది తమ్ముడూ. నువ్వు వేళకి తింటున్నావా?" అందావిడ. అతను ఆ సమాధానంతో తృప్తిపడ్డాడు. వానలు వెళ్ళి చలి వచ్చింది.

*

చలి ముదిరాక ఒక ఉదయం మేనకోడలే ఫోన్ చేసింది.

"మామయ్యా, నాన్నకి పన్ను తీయించాం. చీము పట్టేసింది. ఎన్నాళ్ళ నుంచి బాధపడుతున్నారో పాపం, దవడ వాచేదాకా మాకు తెలీనే లేదు. డాక్టరు మంచివాడు, డబ్బుల మాటెత్తకుండా ముందు నొప్పి తగ్గించాడు."

"తెలీకపోవడమేంటి? నొప్పి మీట నొక్కలేదా?"

 అవతల షాపులో ఎవరో దగ్గుమందు అడుగుతున్నారు.

"ఏమ్మా?"

"కోపం తెచ్చుకోకు మామయ్యా. నువ్విచ్చింది నడవలేదు. తెరవగానే ఏదో లైబ్రరీ వెర్షన్ దొరకలేదని ఒక లైను వచ్చి ఆగిపోయేది. పాతది తీసేశాను కదా, అదీ లేదు."

"అప్పట్నుంచా?"

"అప్పట్నుంచే."

"మరి నాకెందుకు చెప్పలేదే!"

"చెప్దామని ఫోన్ తీశా. నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. అత్తయ్య పోయి నెలైనా కాలేదు, నువ్వు అంత కష్టపడి చేశావు, నడవలేదంటే కుంగిపోతావని. అమ్మ కూడా సరేనంది. నాన్నే చెంచాతో గ్లాసు మీద కొట్టి పిలుస్తున్నారు. ఒకసారి కొడితే నీళ్ళు, ఆపకుండా కొడితే బాత్రూము. పన్నుకి చప్పుడేమీ పెట్టుకోలేదు మరి మేము."

ప్రోగ్రామరు ఫోను పెట్టేశాడు. తను కుంగిపోకూడదని అవతల ఒక మనిషి పన్నునొప్పిని నోట్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, తినకుండానే బస్సెక్కాడు.

*

తలుపు తీసింది అక్కయ్య. అతన్ని చూసి ఒక్క క్షణం ఆగి, "చిక్కిపోయావు తమ్ముడూ" అని మాత్రం అంది. ఇన్నాళ్ళూ రాలేదేమని అడగలేదు. ఆ అడగకపోవడం ఎంత దయో అతనికి అర్థమైంది.

బావగారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒకవైపు బుగ్గ ఇంకా కాస్త వాపుగా ఉంది. బల్లమీద గ్లాసు, అందులో చెంచా. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది.

"తప్పు చేశాను బావగారూ" అన్నాడు ప్రోగ్రామరు.

బావగారు ఎడంచేత్తో చెంచా తీసి గ్లాసు అంచు మీద టింగుమని కొట్టాడు.

"మంచినీళ్ళా?" అంటూ వంటింటివైపు కదిలాడు ప్రోగ్రామరు.

"కాదు" అంది వంటింట్లోంచి అక్కయ్య. "నిన్ను కూర్చోమంటున్నాడు. నువ్వు చేసిన మాటల కంటే ఈ చెంచాకే ఎక్కువ మాటలొచ్చు."

అతను సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. "ఇది మీరే ఉంచేసుకోండి. ఇందులో ఇప్పుడే నడుస్తుంది" అన్నాడు. బావగారు తల అడ్డంగా ఊపి, గుడ్డ తీసి, పాత కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు. బొమ్మలు అంచుల్లో లేచిపోయాయి. గ్లాసు బొమ్మ అరిగి తెల్లబడింది. చెల్లెలు అంటించిన బొమ్మలవి. ఆ కీబోర్డుది గుండ్రటి పాతకాలం పిన్ను, కొత్త లాప్‌టాపులో దాన్ని గుచ్చే చోటే లేదు.

"సరే. అయితే దీని మీదే కడతాను" అన్నాడు ప్రోగ్రామరు. మొదట్లోనే చెయ్యాల్సిన పని.

పాత మెషీను నిదానంగా లేచింది. అది లేచినందుకే మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. ఒకప్పుడు తను వేసిన పాత కంపైలరు ఇంకా అందులోనే ఉంది. ప్రోగ్రాము అందులోకి ఎక్కించి కంపైల్ చేశాడు. తెరనిండా తప్పులు. కొన్ని కొత్త అలవాట్లవి. లూపు మొదట్లోనే చరరాశిని ప్రకటించడం ఆ ముసలి కంపైలరుకి నచ్చలేదు. వాటిని ఒక్కొక్కటే పైకి జరిపాడు. చివరికి ఒక్కటే మిగిలింది. మాట ఉన్న ఫైలు పేరును ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే బుల్లి ఫంక్షను. కొత్త సిస్టంలో వచ్చిన సౌకర్యం, పాత లైబ్రరీలో లేదు. చేతికి అందింది కదా అని వాడేశాడు.

ఆ ఒక్కదాని వల్లే. దాని బదులు నాలుగు లైన్ల లూపు తనే రాసుకోవచ్చు, చదువుకునే రోజుల్లో రాసినట్టు. ఇప్పుడు అదే రాశాడు. రాసేసరికి టీ కూడా చల్లారలేదు. ఇంత చిన్న పని కోసం ఒక మనిషి ఒక వానాకాలమంతా, సగం చలికాలం నోరులేకుండా గడిపాడు. అతని వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

టింగ్.

"కానివ్వమంటున్నాడు" అంది అక్కయ్య.

ఈసారి తప్పుల్లేవు. ప్రోగ్రాము తెరుచుకుంది. ప్రోగ్రామరు లేచి కుర్చీ ఇచ్చాడు. కట్టుకట్టిన వేలు బొమ్మకేసి చూడకూడదనుకుంటూనే చూశాడు. బావగారు దాని జోలికి వెళ్ళలేదు. కొత్త తెర ఎలా మార్చాలో చూపించగానే పట్టేశాడు. తెరమీది బొమ్మలన్నీ తీరిగ్గా చూసుకుని, పళ్ళెం బొమ్మ గడికి చెందిన మీట నొక్కాడు.

"భోంచేశావా?"

తన గొంతే. తన ఇంట్లో, పరుపు చాటున, ఒక్కడే కూర్చుని చెప్పిన మాటే. కానీ ఇప్పుడు అడిగింది వేరే మనిషి, అడిగింది తనని. ప్రోగ్రామరు తల అడ్డంగా ఊపాడు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు.

"చూశావా, నేను అడగబోతుంటే ఆయన అడిగేశాడు" అని అక్కయ్య కళ్ళు తుడుచుకుంటూ పళ్ళెం పెట్టింది.

తింటూ ఉండగా వేలంపాట వచ్చింది. "ఒకటోసారి. రెండోసారి. మూడోసారి." కరెంటు బిల్లు చదివినట్టుంది. బావగారి మొహంలో ఎప్పుడూ లేనంత అసహ్యం కనబడింది. వెంటనే ఇంకో మీట.

"ఊరుకోవయ్యా, నీకేం తెలుసు!"

అక్కయ్య పడీపడీ నవ్వింది. "ఎన్నేళ్ళయింది ఈ తిట్టు తిని!" అంది. ప్రోగ్రామరు కూడా నవ్వాడు. నవ్వుతూనే పక్కనున్న ఖాళీ కుర్చీ చూశాడు. ఈ తిట్టు వినడానికి ఆవిడ ఎంత ఆశపడింది! వారం పని. అన్నయ్య తనని తిట్టకుండానే, పేరు పెట్టి పిలవకుండానే, దుప్పటీ మంచినీళ్ళూ మాత్రమే విని వెళ్ళిపోయింది.

మాటలన్నీ అయ్యాక బావగారి వేలు బొమ్మ అంటించని మీట దగ్గరికి వెళ్ళింది. నొక్కాడు. ఏమీ రాలేదు. ప్రోగ్రామరు వైపు చూసి, మళ్ళీ నొక్కాడు. ఆ తర్వాత అదే వేలితో గోడమీద ఉన్న చెల్లెలి ఫోటో చూపించాడు.

"ఆవిడ మీకు చెప్పిందా?" అన్నాడు ప్రోగ్రామరు.

బావగారు తల ఊపాడు. ఆ మీట దేనికోసం ఖాళీగా ఉందో ఇన్నేళ్ళూ ఆయనకి తెలుసు. అడగడానికి ఆయన దగ్గర మాట లేదు.

"ఇప్పుడెందుకు బావగారూ?" అన్నాడు ప్రోగ్రామరు. "పలికేవాళ్ళెవరున్నారు?"

బావగారు వేలు తియ్యలేదు.

అక్కయ్య ఎవరూ చెప్పకుండానే లేచింది.  వంటింట్లో పొయ్యి కట్టేసింది. కిటికీలు మూసింది. ఇంట్లో చప్పుడన్నది లేకుండా పోయింది. ప్రోగ్రామరు లాప్‌టాప్ తెరిచి, దాని మైకు దగ్గరికి లాక్కున్నాడు. మొదటిసారి మాట సగంలోనే విరిగింది. రెండోసారి సాక్ష్యం చెప్పినట్టొచ్చింది. అలా కాదు, అని ఎవరో అన్నట్టే ఉంది. గ్లాసులో నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, రోడ్డు అవతల వెళ్తున్న మనిషిని ఆపుతున్నట్టు పిలిచాడు.

"చెల్లాయ్."

ఆ మాటను మీటకి కలిపి, అక్కడే, ఆ పాత మెషీను మీదే, మళ్ళీ కంపైల్ చేశాడు. అక్కయ్య పెట్టెలోంచి ఆడపడుచు చిన్న ఫోటో తెచ్చి, మొహం మాత్రం కత్తిరించి, మీట మీద అంటించింది.

బావగారు నొక్కాడు. "చెల్లాయ్" అన్నాయి స్పీకర్లు. ముగ్గురూ తెలీకుండానే కాసేపు ఆగారు, బదులు కోసం ఆగినట్టు. రాలేదు. బావగారు రెండోసారి నొక్కలేదు. అరచేతిని ఆ మీట మీద మెత్తగా ఆనించి, అలాగే ఉంచాడు.

ఆ పూట అతన్ని వెళ్ళనివ్వలేదు. సంచి భుజాన వేసుకోగానే "కూర్చో, అప్పుడే వెళ్తావేం" అని తన గొంతే తనని ఆపింది. పక్కగదిలో పడక వేశారు. పడుకున్నాక హాల్లోంచి బావగారు ఇంకో మీట నొక్కడం వినిపించింది.

"దుప్పటి కావాలి."

అక్కయ్య వంటింట్లోనే ఉంది, కదల్లేదు. ప్రోగ్రామరుకి అర్థమవడానికి క్షణం పట్టింది. కాళ్ళ దగ్గరున్న దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"కప్పుకున్నాను బావగారూ" అన్నాడు.

కాసేపటికి కర్ర చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. బావగారు లోపలికి ఒకసారి తొంగిచూసి, లైటు ఆర్పి, ఎడంచేత్తో తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.